మొహం చెప్పేది సగమే

కనుబొమ్మలు ముడిపడితే కోపమనీ, చేతులు కట్టుకుంటే దాపరికమనీ ఇట్టే తేల్చేస్తుంటాం. కొలిమి సెగలో, నీలి అద్దాల చాటున, నాలుగైదు భాషల నడుమ రోజులు గడిచే భిలాయ్ ఉక్కునగరంలో ఆ లెక్క ఊరికే తప్పుతుంది. ఎదుటివాళ్ళ మనసు తెలుసుకోవడానికి మొహాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? ఈ వారం ముఖచిత్ర కథనం.

కరిగిన ఉక్కుతో నిండిన లాడిల్ అనే పెద్ద పాత్రని ఎత్తుకుని క్రేన్ కదులుతుంటుంది. దాన్ని నడిపే మనిషి ఎక్కడో పైన క్యాబిన్‌లో ఉంటాడు. కింద నిలబడ్డవాడు గొంతు చించుకున్నా ఆ హోరులో పైకి వినపడదు. అందుకని చేత్తో చెబుతాడు. చూపుడువేలు ఆకాశానికి చూపి చెయ్యి గుండ్రంగా తిప్పితే 'ఎత్తు'. అదే వేలు నేలకి చూపి తిప్పితే 'దించు'. ఒక చేత్తో సైగ చేస్తూ రెండో అరచేతిని దాని ముందు కదలకుండా నిలిపితే 'నెమ్మదిగా'. రెండు చేతులూ పక్కలకు చాచి, అరచేతులు నేలకేసి, అటూ ఇటూ ఊపితే 'ఉన్నపళాన ఆపెయ్'. క్రేన్ నడిపేవాడు సైగలకని నిలబెట్టిన ఒక్క మనిషి చెప్పిందే వినాలి. ఆపమన్న సైగ మాత్రం ఎవరు చేసినా ఆపి తీరాలి. క్రేన్ పనిలో ఎక్కడైనా ఇదే పద్ధతి.

ఈ సైగల్లో సందేహానికి తావు లేదు. వాటి అర్థాన్ని అందరూ ముందే ఒప్పుకుని నేర్చుకున్నారు. అదే మనిషి షిఫ్టు దిగి, క్యాంటీన్‌లో టీ గ్లాసు పట్టుకుని, పెదాలు బిగించి కూర్చున్నాడనుకోండి. అది కోపమా? అలసటా? ఊళ్ళో ఉన్న తల్లి గురించి బెంగా? ఆ బిగించిన పెదాలకి ఎవరూ అర్థం రాసిపెట్టలేదు. అయినా పక్కవాడు చూసీ చూడగానే ఏదో ఒకటి అనేసుకుంటాడు. 'వీడికి నామీద కోపంగా ఉంది' అనుకుంటే ఆ రోజు ఒకలా గడుస్తుంది, 'పాపం, ఒంట్లో బాగోలేదేమో' అనుకుంటే మరోలా గడుస్తుంది. స్నేహాలూ కాపురాలూ చాలావరకు ఇలాంటి అనుకోవడాల మీదే నడుస్తుంటాయి.

మొహాన్ని బట్టి మనసు తెలుసుకోవడం గురించి శాస్త్రవేత్తలు నూటయాభై ఏళ్ళుగా, మన నాట్యశాస్త్రకారులు అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందునుంచీ తలలు బద్దలుకొట్టుకుంటున్నారు. వాళ్ళు తేల్చినదెంత నిలుస్తుందో చూడ్డానికి భిలాయ్ లాంటి ఊరు మంచి గీటురాయి.

తల ఊపితే అవునా, కాదా?

భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4న, దుర్గ్ పక్కన వెలసిన కొత్త కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ పల్లెల వాళ్ళతోపాటు దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి చేరారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి వచ్చిన తెలుగువాళ్ళు అందులో ఓ పెద్ద గుంపు. సెక్టార్-5లో వాళ్ళ బాలాజీ గుడి ఉంది. మూడో తరం పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, ఆటస్థలంలో ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు.

వీళ్ళందరితోపాటు సోవియట్ ఇంజనీర్లూ వచ్చారు. దుబాసీలు ఉన్నారు కానీ యంత్రం పక్కన ప్రతి క్షణం దుబాసీ ఉండడు కదా. రష్యన్లకి తల నిలువుగా ఆడిస్తే అవును, అడ్డంగా ఆడిస్తే కాదు. మన తల మాత్రం 'సరే' అనడానికి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి వాలుతుంది. కొత్తవాళ్ళ కంటికి అది అవునూ కాదు, కాదూ కాదు. అటునుంచి చూస్తే, పరిచయం లేని మనిషిని చూసి నవ్వడం రష్యాలో ఆనవాయితీ కాదు. ఎదురుపడితే పలకరింపుగా నవ్వే మన అలవాటుకి వాళ్ళ మొహం ముటముటలాడుతున్నట్టు కనిపిస్తుంది. ఇటువాళ్ళు ఒప్పుకోలేదని అటువాళ్ళు, అటువాళ్ళకి కోపమొచ్చిందని ఇటువాళ్ళు అనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఒకరి అలవాట్లు ఒకరికి తెలిసేకొద్దీ తికమక పోతుంది. అలా కుదిరిన భారత-సోవియట్ స్నేహం పేరుతోనే ఊళ్ళో మైత్రీబాగ్ వెలిసింది.

మొహం కనపడని చోట

కొలిమి ముందు నిలబడే మనిషి తలమీద హెల్మెట్, కళ్ళముందు నీలిరంగు అద్దం, ముక్కుకి మాస్కు, ఒంటిమీద సెగని తిప్పికొట్టే వెండిరంగు కోటు ఉంటాయి. అయినా పదేళ్ళు కలిసి పనిచేసినవాళ్ళు ఎవరు ఎవరో దూరంనుంచే పోల్చుకుంటారు. నడకలో, భుజాల వాలులో, పార పట్టుకున్న తీరులో మనిషి దొరికిపోతాడు.

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో గున్నార్ యోహాన్సన్ అనే మనస్తత్వవేత్త దీన్నే పరీక్షకి పెట్టాడు. మనుషుల భుజాలు, మోచేతులు, మోకాళ్ళు, చీలమండలు లాంటి చోట్ల చిన్న వెలుగుచుక్కలు అమర్చి, చీకట్లో నడిపించి ఫిల్ము తీశాడు. తెరమీద కనిపించేవి పదీ పన్నెండు చుక్కలే. అవి కదలకుండా ఉంటే ఏమీ తెలియదు. కదిలిన మరుక్షణం 'మనిషి నడుస్తున్నాడు' అని చూసేవాళ్ళు చెప్పేస్తారు. 1973లో అచ్చయిన ఈ పని తరవాత మరికొందరు అదే పద్ధతిలో నర్తకుల కదలికల్ని చిత్రీకరించారు. మొహమే లేని ఆ చుక్కల్లో కోపాన్నీ విచారాన్నీ ఆనందాన్నీ జనం చాలావరకు గుర్తుపట్టారు.

2012లో 'సైన్స్' పత్రికలో వచ్చిన మరో పరిశోధన ఇంకా విడ్డూరం. హిల్లెల్ అవియెజెర్, ఆయన సహచరులు టెన్నిస్ ఆటగాళ్ళ ఫోటోలు తీసుకున్నారు. కొన్ని కీలకమైన పాయింటు గెలిచిన క్షణంవి, కొన్ని ఓడిన క్షణంవి. మొహం ఒక్కటే కత్తిరించి చూపిస్తే ఏది గెలుపో ఏది ఓటమో జనం చెప్పలేకపోయారు. మొహం తీసేసి ఒళ్ళు ఒక్కటే చూపిస్తే చెప్పగలిగారు. ఉద్వేగం పతాకస్థాయిలో ఉన్నప్పుడు గెలిచినవాడూ ఓడినవాడూ ఒకేలా నోరు తెరిచి అరుస్తారు. బిగించిన పిడికిలి, విరుచుకున్న ఛాతీ, వేలాడిన చేతులు అసలు సంగతి చెబుతాయి.

అలాగని మొహంతో పనేలేదనడానికి లేదు. కరోనా రోజుల్లో మాస్కులు కట్టుకున్న ఫోటోలతో జర్మనీలో జరిపిన పరీక్షలో జనం బాగానే పొరబడ్డారు. నవ్వు మొహాన్ని మామూలు మొహమనుకున్నారు. ఏవగింపుని కోపమనుకున్నారు. పెదాలూ ముక్కూ మూసేస్తే కొన్ని భావాలకి ఆనవాలే పోతుంది.

తంబూరా గద అయ్యే క్షణం

భిలాయ్‌కి పట్టుమని పదిహేను కిలోమీటర్లు ఉండదు గనియారీ ఊరు. 1956లో అక్కడ పార్ధీ కుటుంబంలో పుట్టిన తీజన్ బాయి చిన్నప్పుడు తాత బ్రిజ్‌లాల్ ఛత్తీస్‌గఢీలో పాడే మహాభారతాన్ని విని కంఠతా పట్టింది. ఆ కథాగానాన్ని పండవానీ అంటారు. అందులో రెండు బాణీలున్నాయి. కూర్చుని పాడేది వేదమతి, నిలబడి ఆడుతూ పాడేది కాపాలిక. ఆడవాళ్ళు పాడితే కూర్చునే పాడాలన్నది అప్పటి కట్టుబాటు. పదమూడేళ్ళ వయసులో తొలి ప్రదర్శన ఇచ్చిన ఆ పిల్ల లేచి నిలబడింది. కులం వెలేసింది. ఆమె పాట మానలేదు. రంగస్థల దర్శకుడు హబీబ్ తన్వీర్ కంట పడ్డాక ఆ గొంతు దేశం దాటి వెళ్ళింది. భిలాయ్ ఉక్కు కర్మాగారం ఆమెకు ఉద్యోగమిచ్చింది. 1987లో పద్మశ్రీ, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ వచ్చాయి.

ఆమె వేదిక మీద ఉన్న సామాను తక్కువ. ఒక చేతిలో నెమలీకలు కట్టిన తంబూరా, ఇంకో చేతిలో కర్తాల్ అనే చిడతలు, వెనక వాద్యగాళ్ళు, ఊకొడుతూ ప్రశ్నలేసే 'రాగి'. మన బుర్రకథ చూసినవాళ్ళకి ఈ ఏర్పాటు కొత్తగా ఉండదు. ఇక్కడా తంబూరా ఉంది, అక్కడ వంతలు చేసే పని ఇక్కడ రాగి చేస్తాడు. దుశ్శాసన వధ ఘట్టంలో ఆమె తంబూరాని భుజం మీదికి ఎత్తి ఒక్క అడుగు ముందుకేస్తుంది. మెడ బిగుస్తుంది, గొంతు ఛాతీలోకి దిగుతుంది. తంబూరా భీముడి గద అయిపోతుంది. మరుక్షణం అదే తంబూరా నిలువుగా నిలిచి, ఆమె వేళ్ళు దాన్ని పైనుంచి కిందికి నిమురుతాయి. అది ద్రౌపది విరబోసుకున్న జుట్టు. ఇంకో చరణంలో అడ్డంగా పట్టుకుంటే అర్జునుడి విల్లు. కట్టూ బొట్టూ మారవు, దీపాలు మారవు. భుజాలూ చూపూ గొంతూ మాత్రమే మారతాయి.

భాష రాని ప్రేక్షకులు కూడా ఆమె ఆటకి కదిలిపోవడానికి ఒక కారణం ఈ ఒంటి భాష. కథ తెలిసినవాళ్ళకి ఇంకో దన్ను ఉంది. ఎవరు ఎవరిని ఏమన్నారో, ఎందుకన్నారో వాళ్ళకి ముందే తెలుసు. పళ్ళు కొరికితే అది భీముడి పగ అని తెలిసేది పళ్ళవల్ల కాదు, నిండు సభలో జరిగిన అవమానం గుర్తుండటంవల్ల.

నాట్యశాస్త్రం ఈ కిటుకుని సూత్రం చేసిపెట్టింది. భరతుడి లెక్కలో స్థాయీభావాలు ఎనిమిది, వచ్చిపోయే సంచారీభావాలు 33, మనిషి ఆపుకోలేని సాత్త్వికభావాలు ఎనిమిది. మొత్తం 49. చూపులే 36 రకాలు. ఇంత చిట్టా వేసినవాడు కూడా రసం పుట్టడానికి మొహంలో కనిపించేది చాలనలేదు. భావానికి కారణమైన విభావం, బయటికి కనిపించే అనుభావం, మధ్యలో వచ్చిపోయే సంచారీభావం మూడూ కలవాలన్నాడు. అందులో మొదటిది కారణం. మనం మొహంలో చూసేది రెండోదాన్ని మాత్రమే.

సాత్త్వికభావాల జాబితా చూస్తే ఇవాళ్టి వైద్యుడు తలపంకిస్తాడు. కొయ్యబారిపోవడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, మొహం రంగు మారడం, కన్నీళ్ళు, స్పృహ తప్పడం. స్వయంచాలక నాడీవ్యవస్థ చేసే పనులు వీటిలో చాలా ఉన్నాయి. మొహానికి నవ్వు పులుముకోవచ్చు గానీ, కావాలని చెమట పట్టించుకోవడం ఎవరి తరమూ కాదు.

ఈ విద్యని పడమటి దేశాలకి పరిచయం చేసినవాళ్ళలో ఓ తెలుగువాడు ఉన్నాడు. నందికేశ్వరుడి 'అభినయ దర్పణం'ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని అచ్చువేసింది. మనకి ఆయన చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు 'ఆంధ్రరత్న'గానే ఎక్కువ తెలుసు.

డార్విన్ పడ్డ బోల్తా

చార్లెస్ డార్విన్ 1872లో మనుషుల్లోనూ జంతువుల్లోనూ భావాలు బయటపడే తీరు మీద పెద్ద పుస్తకం రాశాడు. ఫ్రాన్స్‌లో దుషెన్ అనే వైద్యుడు మొహం కండరాలకి కరెంటు తగిలించి రకరకాల హావభావాలు తెప్పించి తీసిన ఫోటోలు డార్విన్ చేతికొచ్చాయి. కింద రాసిన వివరణ చదువుతూ చూస్తే అన్నీ భేషుగ్గా సరిపోయినట్టు అనిపించాయి. అనుమానమొచ్చి ఆ ఫోటోలని వివరణ లేకుండా ఇరవైమందికి పైగా చూపించాడు. కొన్నిటికి అందరూ ఒకే మాట చెప్పారు, కొన్నిటికి తలో మాటా చెప్పారు. వివరణ చదవకపోతే తానూ తికమకపడేవాడినేనని డార్విన్ ఒప్పుకున్నాడు. పేరు ముందే చెబితే కళ్ళు ఆ పేరునే చూస్తాయి.

వందేళ్ళ తరవాత అమెరికా మనస్తత్వవేత్త పాల్ ఎక్‌మన్ పాపువా న్యూగినీ కొండల్లో బయటి లోకంతో అంతగా సంబంధం లేని ఫోరే ప్రజల దగ్గరికి వెళ్ళాడు. ఒక చిన్న కథ చెప్పి, దానికి తగ్గ మొహాన్ని ఫోటోల్లోంచి తీయమన్నాడు. సంతోషం, కోపం, విచారం లాంటివి వాళ్ళు బాగానే తీశారు. భయానికీ ఆశ్చర్యానికీ మాత్రం తేడా పట్టలేదు. కొన్ని భావాలు మానవజాతికంతటికీ ఒకటేనన్న వాదానికి ఆ పని పునాది అయింది. 1978లో వాలెస్ ఫ్రీసెన్‌తో కలిసి ఎక్‌మన్ మొహం కండరాల కదలికలన్నిటికీ అంకెలేసి ఓ పద్ధతి తయారుచేశాడు.

అక్కడితో కథ ముగియలేదు. 2016లో అదే పాపువా న్యూగినీకి చెందిన ట్రోబ్రియాండ్ దీవుల్లో మరో బృందం ఫోటోలు చూపించింది. కళ్ళు పెద్దవి చేసి నోరు తెరిచిన మొహాన్ని మనమైతే భయపడ్డ మొహమంటాం. అక్కడి కుర్రాళ్ళు చాలామంది దాన్ని బెదిరిస్తున్న మొహమన్నారు. 1999లో అమెరికాలోనూ ఒడిశాలోనూ జరిపిన పరీక్షలో నాలుక కరుచుకున్న ఫోటో ఉంది. ఒడిశావాళ్ళు అది సిగ్గో తప్పుచేసిన బాధో అని పట్టేశారు. అమెరికన్లకి అంతుపట్టలేదు. పక్కనున్న శ్రీకాకుళం వాళ్ళనడిగినా ఒడిశావాళ్ళ మాటే చెప్పేవారు.

2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరో నలుగురు శాస్త్రవేత్తలు కలిసి వెయ్యికి పైగా పరిశోధనలని తిరగేశారు. కోపమొచ్చినప్పుడు మనుషులు కనుబొమ్మలు ముడిచి చూసేది సగటున 30 శాతం సార్లేనని తేలింది. మిగతా సార్లు ఏడుస్తారు, నవ్వుతారు, మౌనంగా ఉంటారు. కోపం లేకపోయినా కనుబొమ్మలు ముడిచేవాళ్ళు బోలెడుమంది. లెక్క చేసుకునేవాడు, ఎండలో చూసేవాడు, కళ్ళజోడు మరిచిపోయినవాడు అందరూ ముడుస్తారు.

భిలాయ్‌కి యంత్రాలిచ్చిన దేశంలోనే సినిమా దర్శకుడు లేవ్ కులెషోవ్ 1920 ప్రాంతంలో ఒక ప్రయోగం చేశాడని చెబుతారు. ఏ భావమూ లేని నటుడి మొహాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపించాడట. ప్రేక్షకులు అదే మొహంలో ఒకసారి ఆకలినీ, ఒకసారి దుఃఖాన్నీ చూసి నటుణ్ణి మెచ్చుకున్నారట. ఆ ఫిల్ము మిగల్లేదు గానీ, ఇవాళ్టికీ ఎడిటింగ్ పాఠం మొదలయ్యేది ఆ ముచ్చటతోనే.

సెగ, హోరు, నిద్రలేమి

ఇప్పుడు భిలాయ్ మొహాల దగ్గరికి వద్దాం. కొలిమి దగ్గర పని ఒంటిమీద వేసే గుర్తులూ ఉద్వేగాలు వేసే గుర్తులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. సెగకి మొహం ఎర్రబడుతుంది, కోపానికీ ఎర్రబడుతుంది. వేడికి చెమట పడుతుంది, కంగారుకీ పడుతుంది. ఏళ్ళ తరబడి హోరులో పనిచేసినవాడు ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడతాడు. వినికిడి తగ్గుతుంటే ఇంకా గట్టిగా మాట్లాడతాడు. కొత్తకోడలికి ఆ ఇంట్లో రోజూ పోట్లాటే జరుగుతున్నట్టు ఉంటుంది. అత్తగారికి అది ఉప్పు అందుకోమన్న మాటని తెలుసు.

నైట్ షిఫ్టు సంగతి మరీ చిత్రం. స్వీడన్ పరిశోధకులు కొందరిని సరిగ్గా నిద్రపోయాక ఒకసారి, నిద్ర లేకుండా ఉంచి ఒకసారి ఫోటోలు తీసి, సంగతి చెప్పకుండా వేరేవాళ్ళకి చూపించారు. నిద్రలేని మొహాల్లో కనురెప్పలు వాలి, నోటి చివర్లు కిందికి జారి కనిపించాయి. చూసినవాళ్ళు ఆ మొహాలు ఎక్కువ విచారంగా ఉన్నాయన్నారు. 2013లో వచ్చిన ఫలితమిది. అటు నిద్ర చాలనివాళ్ళు ఎదుటివాళ్ళ భావాలని గుర్తించడంలోనూ వెనకబడతారని ఇంకో పరిశోధన చెప్పింది. అంటే నైట్ షిఫ్టు దిగొచ్చిన భర్త మొహం భార్యకి ముభావంగా కనిపిస్తుంది, ఆమె చిన్న నవ్వు అతని కంటికి ఆనదు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేకుండా పొద్దున్నే ఓ మౌనం మొదలవుతుంది.

కొన్నిసార్లు పొరపాటుకి ప్రాణమే మూల్యం. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. 2014 జూన్‌లో భిలాయ్ కర్మాగారంలో గ్యాస్ లీకై ఆరుగురు చనిపోయారు. ఆ గ్యాస్ పీల్చినవాడికి తలనొప్పి, మగత, తికమక మొదలవుతాయి. అడుగు తడబడుతుంది, మాట తేడాగా వస్తుంది. తాగొచ్చాడనో, పనికి బద్ధకిస్తున్నాడనో చూసేవాడు అనుకుంటే అంతే సంగతులు. తడబాటు కనిపించిన మరుక్షణం కారణం వెతకాలి, మనిషి గుణం గురించి తీర్పులు తరవాత చెప్పుకోవచ్చు.

కొందరి మొహం జబ్బువల్లే కదలదు. పార్కిన్సన్స్ ఉన్న పెద్దాయన మనవణ్ణి చూసి లోపల మురిసిపోతున్నా మొహం బిగదీసుకున్నట్టు ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది కళ్ళలోకి చూడరు. అది పొగరూ కాదు, ప్రేమ లేకపోవడమూ కాదు.

ప్రచారం ఒకటి, పరిశోధన ఒకటి

*'మాటలు చెప్పేది 7 శాతమే, మిగతా 93 శాతం ఒంటి భాషే':* వ్యక్తిత్వ వికాస తరగతుల్లో ఊదరగొట్టే లెక్క ఇది. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన రెండు చిన్న ప్రయోగాల్లోంచి వచ్చింది. ఒక్క మాటని ఇష్టంగానో అయిష్టంగానో పలికితే ఏమనిపిస్తుందన్నదే అక్కడ పరీక్ష. మామూలు సంభాషణకి ఆ లెక్క పనికిరాదని ఆయనే చెప్పాడు.

*'చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టే':* ఏసీ చలికీ కట్టుకుంటారు, కుర్చీకి చేతులు లేకపోయినా కట్టుకుంటారు. మన బళ్ళలో చేతులు కట్టుకోవడం వినయం.

*'కళ్ళలోకి చూడకపోతే అబద్ధమే':* పెద్దల ఎదుట చూపు దించడం మన మర్యాద. ఇక అబద్ధాన్ని కనిపెట్టే విద్య సంగతి. వందలాది ప్రయోగాలని కలిపి చూసిన 2006 నాటి విశ్లేషణలో జనం సరిగ్గా చెప్పింది 54 శాతమే. బొమ్మా బొరుసూ వేసినా సగం తగులుతుంది.

*'కళ్ళు కూడా నవ్వితేనే నిజమైన నవ్వు':* కంటి పక్క ముడతలు పడే నవ్వుని దుషెన్ పేరుతో పిలుస్తారు. దాన్ని కావాలని తెచ్చుకోగలిగేవాళ్ళూ చాలామందే ఉన్నారు. నమ్మకమైన గుర్తే గానీ, రుజువు కాదు.

ఎప్పటి మనిషిలా లేడంటే

మరి మనం రోజూ ఒకరినొకరం కనిపెట్టుకుంటూనే ఉన్నాం కదా, అదెలా? అమ్మ గుమ్మంలోనే పట్టేస్తుంది. చెప్పులు విడిచే చప్పుడులో, సైకిలు స్టాండు వేసే తీరులో ఏదో తేడా ఉంటుంది. ఆమె చూసేది ఈ క్షణపు మొహాన్ని కాదు. నిన్నటికీ ఇవాళ్టికీ ఉన్న తేడాని చూస్తుంది. సహజంగానే మాట తక్కువైన మనిషి మౌనంగా ఉంటే విశేషం లేదు. వసపిట్టలాంటివాడు మౌనంగా ఉంటే ఉంది. అందుకే పరిచయం లేనివాళ్ళ మొహం చూసి చెప్పే జోస్యాలు తప్పినంతగా ఇంటివాళ్ళవి తప్పవు.

రెండో సంగతి, ఒక్క గుర్తుని పట్టుకుని ఎగరకూడదు. మొహం, గొంతు, చేతులు, నడక, కూర్చున్న తీరు అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయా? పెదాల మీద నవ్వుంది, చేతులు మాత్రం నలుపుకుంటున్నాడు. మాట ధీమాగా ఉంది, గుటకలు మాత్రం మింగుతున్నాడు. ఇలా ఒకదానికొకటి పొసగనప్పుడు లోపల రెండు భావాలు పెనుగులాడుతుండొచ్చు. మనుషులకి ఒక్కసారి ఒక్క భావమే కలగాలన్న నియమమేమీ లేదు.

మూడోది, భరతుడు మొదట పెట్టిన కారణం. రిజల్ట్ వచ్చిన రోజున పిల్లాడు గదిలోంచి బయటికి రాకపోతే దానికో అర్థముంది. క్రికెట్ మ్యాచ్ రోజున రాకపోతే వేరే అర్థముంది.

ఈ మూడూ చూసుకున్నాక కూడా మిగిలేది ఊహే. దాన్ని తీర్పుగా మార్చకుండా ప్రశ్నగా మార్చడంలోనే తెలివంతా ఉంది. 'ఎందుకంత కోపం?' అని అడిగితే అవతలివాడి నెత్తిన ముందే ఓ భావాన్ని రుద్దినట్టే. కోపం లేకపోయినా ఆ మాటకి వస్తుంది. భిలాయ్ పవర్‌హౌస్ బజార్లో టీ కొట్టు దగ్గర ఇద్దరు ఉత్తరాంధ్ర వాళ్ళు కలిస్తే ఆ సంభాషణ ఇలా ఉంటుంది:

"ఏటి బావా, అలాగున్నావు?"

"ఏటీ నేదు."

"నేకపోతే నేదు. టీ తాగుదాం రా."

రెండో గ్లాసు సగమయ్యేసరికి అసలు సంగతి బయటికొస్తుంది. అడిగినవాడు భావానికి పేరు పెట్టలేదు, తవ్వలేదు, వదిలేసీ పోలేదు. పక్కనున్న ఛత్తీస్‌గఢీ నేస్తం ఇదే ప్రశ్నని 'కా హోగే?' అంటాడు. ఎవరి భాషలో అడిగినా ఫరవాలేదు. జవాబు చెప్పడానికి చోటుంచడం ముఖ్యం.

కెమెరాకి ఆ చోటు తెలియదు

ఇంటర్వ్యూకి వచ్చినవాడి ఉత్సాహాన్నీ, పాఠం వింటున్న పిల్ల శ్రద్ధనీ, పనివాడి విసుగునీ కెమెరాతో కొలుస్తామనే సాఫ్ట్‌వేర్లు కొన్నేళ్ళుగా బజార్లో ఉన్నాయి. చాలావాటి లోపల ఉన్నది మొహానికీ భావానికీ ఒకటికి ఒకటి జతకట్టే పాత లెక్కే. మొహాన్ని బట్టి భావాన్ని ఊహించే సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2022లో తన సేవల్లోంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది. పని చేసే చోట్లలోనూ విద్యాసంస్థల్లోనూ మనుషుల భావాలని యంత్రాలతో ఊహించడాన్ని యూరోపియన్ యూనియన్ కృత్రిమ మేధ చట్టం నిషేధించింది. ఆ నిషేధం 2025 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. వైద్యానికీ భద్రతకీ మాత్రం మినహాయింపు ఉంది.

ఆ చట్టంలో ఉన్న ఒక విడదీత ఉక్కునగరానికి బాగా పనికొస్తుంది. అలసట, నొప్పి లాంటి శారీరక స్థితులని అది భావాల ఖాతాలో వేయలేదు. పైలట్‌కో డ్రైవర్‌కో నిద్ర ముంచుకొస్తోందని గుర్తించే పరికరం ఈ నిషేధం కిందికి రాదు. రెప్పలు వాలడం కంటికి కనిపించే విషయం. ఆ వాలిన రెప్పల వెనక నిర్లక్ష్యముందో, దిగులుందో, రాత్రంతా జ్వరంతో మూలిగిన బిడ్డ ఉందో కెమెరా చెప్పలేదు.

షిఫ్టు ఇన్‌ఛార్జికైనా, క్లాసు టీచరుకైనా, కోడలి మొహం చూసి మాట అనబోయే అత్తగారికైనా ఇదే గీత చాలు. కళ్ళు మూతలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, రెండు రోజులుగా అన్నం ముట్టడంలేదు అన్నంతవరకు మన కళ్ళని నమ్మొచ్చు. అక్కడినుంచి 'లెక్కలేనితనం', 'పొగరు', 'పని మీద మనసు లేదు' అనే దాకా వెళ్ళేముందు ఆ మనిషినే అడగాలి. అడగడానికి అరనిమిషం పడుతుంది. అడక్కుండా రాసిన మాట సర్వీసు రికార్డులో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.